పదిహేనుకి తక్కువ

రసీదు పుస్తకం నా దగ్గరే ఉంటుంది,
రాజోలు మెయిన్ రోడ్డులో, నా టార్పాలిన్ కొట్లో,
గల్లాపెట్టె కింద, పీచుతాళ్ల చుట్టల పక్కన.
కార్బన్ కాగితం పాతది. రెండో ప్రతిలో పేర్లు
పొగమంచులో పంటు మీద మనుషుల్లా ఉంటాయి:
ఉన్నారని తెలుస్తుంది, ఎవరో తెలియదు.

మొదటి రసీదు చెల్లుబోయిన వీర్రాఘవులు గారిది.
డబ్బు కాదు. రెండు వందల కొబ్బరికాయలు.
వెల కట్టి 'అక్షరాలా' దగ్గర రాయబోతే
చెయ్యి అడ్డం పెట్టాడు:
"కాయలనే రాయమ్మా, ధర రేపుండదు."
ఎకనామిక్స్, డెబ్బై తొమ్మిది బ్యాచి.

నల్లి సుశీలరత్నం, రిటైరైన నర్సు,
మలికిపురం నుంచి ఆటోలో వచ్చింది.
తుపాను రాత్రి రెండో నంబరు గదిలో
బ్లాక్ బోర్డు కింద ఓ పిల్లని భూమ్మీదికి తెచ్చిందట.
"ఆ గది పడగొడితే, ఎక్కడ పుట్టావంటే
అదేం చెప్పుకుంటుందే?"
అయిదు వేలు. రసీదు అక్కర్లేదంది.
రాశాను.

గ్రౌండు లీజుకి అడుగుతున్నాయి రొయ్యల చెరువులు.
మా వాలీబాల్ కోర్టులో
ఏరేటర్లు తిరుగుతాయట.
మూసేసి, వ్యవస్థాపకుడి పేర
ఓ కల్యాణమండపం కడదామన్నాడు
కుడుపూడి శ్రీహరిరావు, కాంట్రాక్టరు.
అందరూ ఆయన్ని తిట్టారు. నేనూ తిట్టాను.
అందరికన్నా ఎక్కువ ఇచ్చింది ఆయనే,
రసీదు నంబరు ముప్పై ఒకటి.

డబ్బు చాలదనుకున్నాం. డబ్బు సరిపోయింది.
పెంకులు మార్చాం, పాత అరువులు తీర్చాం.
సరిపోనిది పిల్లలు.
మొదటి ఏడు పదిహేనుమంది చేరకపోతే
బి.ఏ. ఎత్తేస్తామని కాగితం వచ్చింది.
చేరినవాళ్లు పదకొండు.

ఊళ్లు తిరిగాం. పడవెక్కి లంకల్లోకి వెళ్లాం.
"హిస్టరీ చదివితే ఏవొస్తుందండీ?" అంది ఓ తల్లి,
మజ్జిగ గ్లాసులు చేతికిస్తూ.
మేం ఉద్యోగాల లెక్క వెతుక్కుంటుంటే
వీర్రాఘవులు అన్నాడు కదా:
"ఏవీ రాదమ్మా. నాకు మటుకు
ఏటిగట్టు ఎవరు వేశారో,
ఎవరి పొలం మీంచి వేశారో
అడగడం వచ్చింది."
"ఆయ్, అడగడం మావాడికి పుట్టుకతోనే వచ్చండి,
జవాబు చెప్పే పనేదన్నా ఉంటే చూడండి."
తిరుగు పడవలో ఎవరం మాట్లాడలేదు.
కాలవకి అప్పుడే నీళ్లు వదిలారు,
తూడు మా కంటే ముందు వెళుతోంది.

గడువు ముందురోజు రాత్రి, మూడు రెక్కల ఫ్యాను కింద,
గంటి భానోజీరావు మాస్టారు, ఎనభై ఒక్కేళ్లు,
ఫిలాసఫీ, ఎడమ చెవి బొత్తిగా వినపడదు,
మా గొడవలో సగమే విని
మిగతా సగానికి ఇలా అడిగారు:
"పూర్వ విద్యార్థులు సరే,
ఇందులో పూర్తి విద్యార్థులు ఎంతమంది?"

నవ్వులు. తరవాత ఫ్యాను చప్పుడు.
బెంచీల మీద మనుషులు కిందికి చూస్తున్నారు.
ముందు లాకుల దగ్గర పంక్చర్లు వేసే మీరాసాహెబ్
చెయ్యెత్తాడు, మోచెయ్యి దాకానే.
తరవాత కాలవ లస్కరు బొంతు ఏసుపాదం.
మొదటి ఏడు మధ్యలో
నాన్నకి పక్షవాతం వస్తే
నాలుగు రోజులని కొట్లో కూచున్నదాన్ని నేను.
ముప్పై మూడేళ్లు.
నా చెయ్యి నేను చూసేసరికి పైన ఉంది.

దరఖాస్తులు టార్చి వెలుతుర్లో నింపాం.
'తండ్రి లేక సంరక్షకుడు' దగ్గర
మీరాసాహెబ్ మనవడి పేరు రాశాడు.
చెల్లుతుందో లేదో తెలియదు.
గుమాస్తా మూడుసార్లు లెక్కపెట్టాడు: పద్నాలుగు.

రేపు తెల్లారకముందే పడవకి వెళ్లాలి.
మజ్జిగ ఇచ్చినావిడ కొడుకు
మళ్లీ ఏదో అడిగాడట,
ఫీజు గురించి కాదంటున్నారు.

కొట్టు కట్టేసే ముందు నా రసీదు రాసుకున్నాను.
ఇచ్చినవారు, పుచ్చుకున్నవారు:
రెండు చోట్లా నా సంతకమే.
కార్బన్ తిరగబడింది కాబోలు,
అక్షరాలు కాగితం వెనక పడ్డాయి.